మూడు దెబ్బలు, ఇరవై అంకెలు

ముందు వాసన వస్తుంది.

తడిసిన కంబళి వాసన, కుళ్ళిన ఆకుల వాసన, వాటి అడుగున ఎక్కడో పులిసిన పండు వాసన... తలుపు సందులోంచి దూరి వంటింటి మధ్యలో నిలబడుతుంది. పొద్దు ఇంకా పొడవదు. పొయ్యి ఇంకా రాజుకోదు. కిటికీ అవతల మంచు, మంచు అవతల ఆపిల్ చెట్లు, చెట్ల కింద ఎవరో ఉన్నారు.

ఎవరో అంటే ఎలుగు. ఆ కొండ మీద అంత పొద్దున్నే పలకరించడానికి వచ్చే చుట్టాలు ఇంకెవరున్నారు గనక.

ఆమె గోడకి వేలాడే పాత నూనె డబ్బా అందుకుంటుంది. చెక్క గరిటె అందుకుంటుంది.

టంగ్... టంగ్... టంగ్.

మూడు దెబ్బలు. తర్వాత ఇరవై దాకా లెక్క. తర్వాతే గడియ తీయడం.

నేను వస్తున్నాను, నువ్వు పక్కకి తప్పుకో అని దాని అర్థం. పద్దెనిమిదేళ్ళుగా అదే అర్థం. పద్దెనిమిదేళ్ళలో ఒక్క నలభై రోజులు తప్ప.

ఆ నలభై రోజుల సంగతి ఎవరికీ తెలియదు.

*

ఆమె తేనెటీగలు పెంచుతుంది. ఇంటి వెనక వాలులో అరవై తేనెపెట్టెలు, తెల్లరంగు వేసి, ఒక్కోదాని మీద ఒక్కో బండరాయి పెట్టి. ఆ కొండ మీద ఉన్నవి ఏడే ఇళ్ళు. ఏడిళ్ళకీ ఆమె డబ్బా అక్క. ముందు వెక్కిరింతగా పెట్టిన పేరు. తర్వాత ఏడిళ్ళలోనూ గోడకి ఒక డబ్బా వేలాడింది, వెక్కిరింత దానంతటదే పోయింది.

మొగుడితో కొండెక్కింది. ఆరో ఏట మొగుడు పోయాడు. ఎలుగు చంపిందా అని కింద ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరు ఆశగా అడిగారు. కాదు, జ్వరం అంది. పాపం, వాళ్ళ మొహాలు చిన్నబోయాయి.

ఎలుగు మనిషి మీదకి కోపంతో రాదు. ఉలిక్కిపడి వస్తుంది. ఈ ఒక్క ముక్క ఆమెకి మొదటి ఏడే అర్థమైంది. కట్టెల మోపు పక్క మలుపులో తనూ ఎలుగూ ఒకరికొకరు ఎదురుపడ్డ రోజున ఇద్దరూ అరిచారు, ఇద్దరూ చెరోవైపు పరుగెత్తారు. మర్నాటి నుంచి డబ్బా మొదలైంది.

వాలు అందరిదీ. వేళలే వేరు. చీకటి విడిచేవేళ ఎలుగులది. ఎండ పొద్దు మనుషులది, ఈగలది. దీపాలు పెట్టాక అడవిపందులు వస్తాయి, వాటి వెనకే ముళ్ళపందులు. నక్కలు మాత్రం ఏ వేళకీ కట్టుబడవు, వాటి బతుకే అంత. డబ్బా మోగితే చాలు, ఎవరి దారిన వాళ్ళు సర్దుకునేవాళ్ళు. మనిషికి ముప్పై సార్లు చెప్పాలి. ఎలుగుకి రెండుసార్లు చెబితే సరిపోయింది.

రెండో పద్ధతీ ఆమె పెట్టిందే. జంతువుకి తిండి పెట్టకూడదు. తొక్క కూడా బయట పడెయ్యకూడదు.

దీని మీద ఆమెకి నోరు చాలా పెద్దది. కింది ఇంటి మేకల పెద్దాయన ఒకసారి పాచిపోయిన రొట్టె కంచె బయట పారేశాడని, ఆయన వాకిట్లోకే వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒక్కసారి పెట్టారంటే జన్మంతా పెట్టాలి. అది మరిచిపోదు. రేపు మీరు పెట్టకపోతే పక్కింటికి పోయి అడుగుతుంది. అది అడిగే తీరు మనం తట్టుకోలేం."

పెద్దాయన తల దించుకున్నాడు. ఆయన భార్య కూడా. రొట్టె ముక్కలు ఏరి పొయ్యిలో వేశారు. ఆ రోజు ఆమె ఇంటికి తిరిగి వస్తూ తనని చూసి తనే మురిసిపోయింది. ఒప్పుకోవాలి మరి, ఆ మురిపెం ఆమెకి బాగా ఇష్టం.

*

తర్వాత ఎండిపోయిన ఏడు వచ్చింది.

వాన లేదు. పూత లేదు. అడవిలో కాయ లేదు, పుట్టల్లో చెదలు లేవు. జింకలు కంచె దాకా వచ్చి గడ్డిపరకలు వెతుక్కున్నాయి. వాగు రాళ్ళయింది.

ఒక పొద్దున మూడు దెబ్బలు కొట్టింది. ఇరవై లెక్కపెట్టింది. గడియ తీసింది.

ఎలుగు పోలేదు.

ఆమె దాన్ని ఎరుగును. వెనక ఎడమకాలు ఈడుస్తుంది, బురదలో దాని అడుగులు మూడూ ఒక గీతా. కుంటిది అని పిలిచేది మనసులో. పెరిగిన ఆడ ఎలుగు. ఏటా పిల్లలతో వచ్చేది. ఆ ఏడు ఒక్కటే వచ్చింది. కంచె పక్కన కూర్చుంది. లేవాలని చూసింది, లేవలేకపోయింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

ఆమె డబ్బా కింద పెట్టింది.

కొట్టుగదిలోకి వెళ్ళింది. నలిగిపోయిన ఆపిల్ పళ్ళు అరబుట్ట, పాత తేనెపట్టు ముక్కలు రెండు... తెచ్చి కంచె అవతల దిమ్మరించింది. దిమ్మరించి లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది, ఎలుగుకి భయపడి కాదు. ఎవరైనా చూశారేమోనని.

మర్నాడు మూడు దెబ్బలు. అరబుట్ట.

ఆ మర్నాడు మూడు దెబ్బలు. అరబుట్ట.

నలభై పొద్దులు. ఎలుగు లేచి నిలబడింది. నడిచింది. వాన పడింది, అడవి పచ్చబడింది, ఆమె బుట్ట తియ్యడం మానేసింది. ఎలుగు కూడా రావడం మానేసింది. ఏడాదిపాటు దాని గీత ఎక్కడా కనబడలేదు.

మరిచిపోయిందిలే అనుకుంది.

ఎలుగు ఏదీ మరిచిపోదని కొండంతా తిరిగి చెప్పిన మనిషే అలా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? మేకల పెద్దాయన మొహం ఎలా చూస్తుంది? పరువు. ఏడిళ్ళ కొండ మీద ఎంత పరువుంటుందో అంతా ఆమెదే మరి.

*

ఆ తర్వాతి ఏడు తమ్ముడు, మరదలు కొండెక్కారు. కింద తమ్ముడు పనిచేసే మిల్లు మూతబడింది. తమ్ముడు కొండ రోడ్డు మీద జారిపడే రాళ్ళు తీసే పనిలో కుదిరాడు. మరదలు కుట్టుమిషను తెచ్చుకుని కిటికీ పక్కన పెట్టుకుంది.

పల్లంలో పుట్టి పెరిగిన పిల్ల. గుడ్లగూబ అరిస్తే దుప్పటి ముసుగేసుకునేది. నోరు మాత్రం గలగలా పారేది. డబ్బా సంగతి చెప్పిన రోజు పగలబడి నవ్వింది.

"అంటే ఎలుగుగారికి కాలింగ్ బెల్లు కొట్టి మరీ మనం బయటికి రావాలన్నమాట వదినా. ఇల్లు మనదా, వాళ్ళదా?"

"వాళ్ళదే. మనం అద్దెకున్నాం."

"మూడే ఎందుకు? నాలుగు కొడితే?"

"మూడు కొట్టు. ఇరవై లెక్కపెట్టు. ఇంకా పోకపోతే మళ్ళీ మూడు కొట్టు. పోయేదాకా కొట్టు."

ఆ చివరి మాట కూడా తనే చెప్పింది. తన నోటితో చెప్పింది. డబ్బా తన చేత్తోనే మరదలి చేతికిచ్చింది. ఇస్తున్నప్పుడు ఒక్క క్షణం... అవును, ఒక్క క్షణం ఆ నలభై పొద్దులు గుర్తొచ్చాయి. నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసింది.

రెండేళ్ళు ఏమీ కాలేదు, కుంటిది వాలులో కనబడనే లేదు. మరదలు ధైర్యం తెచ్చుకుంది. తమ్ముడికన్నా బాగా కొట్టేది డబ్బా, తాళం తప్పకుండా, మిషను తొక్కే చక్కని లయ ఉన్న పిల్ల. వదిన, మరదలు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు. పదేళ్ళ ఒంటరితనం తర్వాత ఆమె ఇంట్లో ఎవరో నవ్వే చప్పుడు. ఆ చప్పుడంటే ఆమెకి ప్రాణం. ఇది కూడా ఒప్పుకోవాలి.

*

ఆమె తేనె సీసాలు అమ్మడానికి రెండు రోజులు కిందికి వెళ్ళింది. తమ్ముడు చీకటితోనే పనికి పోయాడు.

మరదలు పొద్దున్నే మూడు దెబ్బలు కొట్టింది. ఇరవై లెక్కపెట్టింది. గడియ తీసింది.

ఎలుగు మెట్టు దగ్గరే ఉంది.

చెప్పినట్టే మళ్ళీ మూడు కొట్టింది. ఎలుగు ఒక అడుగు ముందుకు వేసింది. మూడు కొట్టింది. ఇంకో అడుగు. ఇంకా గట్టిగా కొట్టింది. అది మెట్టెక్కింది. ఈ పిల్ల కొంగులో కుట్టడానికి తీసిన గుడ్డలు, ఏవో ముడి కట్టి పెట్టుకున్నవి. అందులో ఏముందో చూద్దామనుకుంది ఎలుగు. అంతే. బుట్టని తిప్పేసినట్టే తిప్పేసింది. ఎలుగు చెయ్యి బరువు ఎలుగుకి తెలియదు.

కేకలు విని మేకల పెద్దాయన పొగ కట్టెతో వచ్చేసరికి మరదలు గడప మీద పడి ఉంది. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

కింద ఆసుపత్రిలో నలభై ఏడు కుట్లు. కుడి కన్ను దక్కింది. చెంప, పెదవి చివర, చెవి కింద... అక్కడంతా ఇంక కుట్లే.

ఆమె మంచం పక్కన కూర్చుంది. కట్ల మధ్య నుంచి మరదలి నోరు, అంటే సగం నోరు, కదిలింది.

"నువ్వు చెప్పినట్టే కొట్టాను వదినా."

ఆమె దుప్పటి సర్దింది.

"కొట్టినకొద్దీ దగ్గరికొచ్చింది. ఎందుకలా వచ్చింది?"

ఆమె మరదలి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నిద్రపో అంది. ఇంతకన్నా పెద్ద పాపం ఆమె జన్మలో చేసి ఉండదు. నిద్రపో అన్నది.

*

కొండ మీద మాట ఎంతసేపు ఊరుకుంటుంది. ఏడిళ్ళూ కలిసి తీర్పు చెప్పేశాయి. పల్లం పిల్ల కదా, కొట్టడం చేతకాలేదు. భయపడి అడ్డదిడ్డంగా కొట్టి ఉంటుంది. ఎలుగు బెదిరి ఉంటుంది. డబ్బా అక్క ఉంటే ఇలా జరిగేదా?

తమ్ముడు కూడా అదే అన్నాడు. మంచం పక్కనే నిలబడి అన్నాడు.

"సరిగ్గా కొట్టి ఉండవు."

మరదలు మొహం గోడ వైపు తిప్పుకుంది. మిషను దగ్గర అంత నోరున్న పిల్ల.

అక్క అక్కడే ఉంది. పళ్ళెం పట్టుకుని, తేలుకుట్టిన దొంగలా నిలబడి ఉంది.

ఇంటికి తీసుకొచ్చాక ఒక మధ్యాహ్నం, ఆమె వంటింట్లో ఉండగా చిన్న చప్పుడు వినిపించింది. టక్... టక్... టక్. వెళ్ళి చూసింది. మరదలు పడుకునే, మంచం కోడు మీద వేళ్ళతో కొడుతోంది. ఆగి లెక్కపెట్టుకుంటోంది. మళ్ళీ కొడుతోంది.

"ఇలాగే కదా వదినా? ఎక్కడ తప్పిందో తెలియడం లేదు."

ఆమె ఈగల దగ్గరికి వెళ్తున్నానని చెప్పి బయటికి వచ్చేసింది. పెట్టెల మధ్య కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది. చెప్పలేదు. అప్పటికీ చెప్పలేదు.

*

అటవీ గార్డు ఇనుప బోను తెచ్చి తోట చివర దింపాడు. లోపల పండిన పళ్ళు పెట్టాడు. తేనె పూశాడు. మూడు రోజులు గడిచాయి. బోనులోకి చీమలు తప్ప ఏవీ రాలేదు.

ఏడిళ్ళలోనూ భయం. భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? తెలిసిన పనినే ఇంకా గట్టిగా చేస్తాడు. పొద్దున్నే కొండంతా డబ్బాలు. పై ఇంట్లో టంగ్, కింది ఇంట్లో టంగ్, వాగు అవతల టంగ్... మూడు కాదు, ముప్పై.

ఆమె వింటూ వంటింట్లో నిలబడింది. ఒక్కో దెబ్బా వీపు మీద పడుతున్నట్టే ఉంది.

వద్దని చెప్పి చూసింది. ఇల్లిల్లూ తిరిగింది. కొన్నాళ్ళు డబ్బా కొట్టకండి, అది చిరాకు మీద ఉంది అంది. వాళ్ళు ఆమె వైపు జాలిగా చూశారు.

"నువ్వే కదమ్మా నేర్పించావ్. ఇప్పుడు మానెయ్యమంటే ఎట్లా?" అన్నాడు మేకల పెద్దాయన.

ఎందుకో చెప్పకుండా ఎవరు మానేస్తారు. సగం నిజం ఏ పనికీ రాదు.

నాలుగో పొద్దున పెద్దాయన డబ్బా కొట్టి తలుపు తీయబోయాడు. తలుపుకి అవతల గోళ్ళు గీసుకుంటున్న చప్పుడు. గడియ వేసి బల్ల అడ్డం పెట్టి, భార్యని వెనక గదిలోకి తోసి, ఎండ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. వాకిట్లో మూడు అడుగులు, ఒక గీత.

"ఈ ఎలుగుకి చెవుడు వచ్చినట్టుంది గార్డు గారూ" అన్నాడు ఆయన.

గార్డు, పెద్దాయన, తమ్ముడు ఆమె వాకిట్లోనే నిలబడి ఉన్నారు. తమ్ముడు కట్టెలు కొడుతున్నాడు.

"చెవుడు కాదు" అంది ఆమె. "దానికి డబ్బా అంటే తిండి. నేనే నేర్పాను."

అని మొత్తం చెప్పింది. అరబుట్ట, తేనెపట్టు, నలభై పొద్దులు. నేల వైపు చూస్తూ చెప్పింది. మధ్యలో ఎవరూ ఆపలేదు, ఆపితే బాగుండును అనిపించింది.

పెద్దాయన చాలాసేపు ఆమెనే చూశాడు. రొట్టె ముక్కలు ఏరించిన రోజు ఆయనకి గుర్తొచ్చిందని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆయన ఆ మాట ఎత్తలేదు. తిట్టినా కాస్త తేలికపడేది.

తమ్ముడు గొడ్డలి కింద పెట్టాడు.

"నేను ఆ పిల్లని... సరిగ్గా కొట్టలేదన్నాను అక్కా."

అంతే అన్నాడు. కట్టెల మోపు మీద కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు.

*

సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, గార్డు ఆమెను బోను దగ్గరికి తీసుకెళ్ళాడు.

"కొట్టండక్కా."

మూడు దెబ్బలు.

ఇరవై లెక్క పూర్తి కాలేదు. పొదలు కదిలాయి. కుంటిది వచ్చింది, కాలు ఈడ్చుకుంటూ, తొందరపడకుండా, పిలిచిన ఇంటికి వచ్చినట్టు వచ్చింది. బోను వైపు చూడలేదు. ఆమె చేతుల వైపు చూసింది. చేతుల్లో ఏమీ లేదు. అప్పుడు బోనులోకి చూసింది. లోపల ఆమె తోటలోని పళ్ళే.

వెళ్ళింది. తలుపు పడింది.

ఎలుగు అరవలేదు. ముందు పండు తిన్నది. తర్వాత తిరిగి చూసింది.

"ఎక్కడికి తీసుకెళ్తారు?" అంది ఆమె.

"ఇంతకన్నా పెద్ద బోనుకి" అన్నాడు గార్డు. చెడ్డవాడు కాదు. అబద్ధం చెప్పడం చేతకాలేదు, అంతే.

లారీ మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఎలుగుని బతికించింది, బతికించి అమ్మేసినట్టయింది. మరదలిని నవ్వించింది, నవ్వించి... ఆ మాట పూర్తి చేసుకోలేక ఇంట్లోకి నడిచింది.

*

మరదలు మంచం మీద లేచి కూర్చుంది. గోడకి ఆనుకుని, కట్లు విప్పేసిన మొహంతో.

"నువ్వు వాకిట్లో చెప్పింది వినిపించింది" అంది. "కిటికీ తెరిచే ఉంది."

ఆమె గుమ్మం దగ్గరే ఆగింది.

"నేను కొట్టింది తప్పు కాదన్నమాట."

"కాదు."

"నాకు డబ్బా ఇచ్చినప్పుడే నీకు తెలుసు."

"తెలుసు. మరిచిపోయిందనుకున్నాను."

"ఎలుగా, నువ్వా?"

ఆమె గుమ్మం చెక్క పట్టుకుంది.

"దాని ఆకలి కనబడింది నీకు. మంచిదే, దాన్ని నేనేం అనను." మరదలు ఒక్కో మాటా మెల్లగా, పెదవి సహకరించినంత వరకు లాగింది. "నాకు ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది వదినా? ఒకే ఒక్క మాట."

"సిగ్గేసింది."

"సిగ్గు."

గుడ్డ నాణ్యం చూసినట్టు ఆ మాటని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది మరదలు. తిడుతుందని, వెళ్ళిపొమ్మంటుందని, కనీసం ఏడుస్తుందని చూసింది ఆమె. బయట పెట్టెల్లో ఈగలు సద్దుమణుగుతున్నాయి. ఎండ గోడ మీద నుంచి నేల మీదకి దిగింది.

"అద్దం ఎక్కడ దాచారు?"

ఇంట్లో ఉన్నది ఒక్కటే అద్దం. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే తమ్ముడు దాన్ని తీసి బీరువా వెనక పెట్టాడు.

"ఇప్పుడొద్దమ్మా. ఇంకా కొన్నాళ్ళు..."

"తీసుకురా. నువ్వే పట్టుకో."

తెచ్చింది. దుమ్ము కొంగుతో తుడిచింది. మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా పట్టుకుంది. అద్దం వెనక ఆమె. అద్దం ముందు ఏం కనబడుతోందో ఆమెకి కనబడదు. మరదలి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, అద్దం అంచు పైన. అవి మెల్లగా ఎడమ నుంచి కుడికి కదిలాయి. కుట్టుపని మనిషి కళ్ళు. ఒక్కో కుట్టు దగ్గరా ఆగుతూ కదిలాయి.

చాలాసేపు.

ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"వణక్కు వదినా" అంది మరదలు. "ఇంకా చెవి దాకా రాలేదు. సరిగ్గా పట్టుకో."